రెండు గింజలు తక్కువైన జొన్నకంకి

బడుల్లో కొత్తగా చేరిన పంతుళ్ళు అప్పుడప్పుడూ నన్ను పిలిచి, మీ అనుభవం రెండు ముక్కలు చెప్పండి సార్ అంటారు. వాళ్ళకు కావలసింది అనుభవం కాదని నాకు తెలుసు. ముఖ్య అతిథి వచ్చేదాకా మైకు దగ్గర ఎవరో ఒకరు నిలబడి ఉండాలి, అంతే. నేనూ తక్కువవాణ్ణి కాదు. బడి గోడ మీద భారతదేశ పటం గీసిన సంగతి, ఎండాకాలంలో బోరు దగ్గర మొక్కలు బతికించిన సంగతి చెప్పి, శాలువా కప్పించుకొని ఇంటికి వస్తాను. మైకు ముందు చెప్పనిది ఒకటి ఉంది. అది ఇక్కడ రాస్తున్నాను.

నేను నారాయణపేట పక్కన ఒక సర్కారు హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టరుగా చేశాను. డ్రాయింగ్ మాస్టరంటే ఏమిటో మీకు తెలియదు, ఇప్పుడు ఆ పోస్టులే లేవు. లెక్కల సారు సెలవు పెడితే ఆ తరగతిలో కూర్చునేవాడు, ఎలక్షన్ల ముందు గోడల మీద నంబర్లు రాసేవాడు, పెద్దసారు వస్తే గేటు దగ్గర రంగులు కలిపి స్వాగతం రాసేవాడు. కూరలో కరివేపాకు. అయితే కరివేపాకుకు కూడా పొగరుంటుంది. మా నాయిన మగ్గం నేసేవాడు. నేను ఆ మగ్గం గుంతలోంచి పైకొచ్చి సర్కారు జీతం తిన్న మొదటివాణ్ణి. ఎవరైనా మగ్గం మాట ఎత్తితే "అదంతా మరిచిపోయిన" అనేవాణ్ణి. మరిచిపోవడమే నా డిగ్రీ అనుకున్నాను.

నారాయణపేట జిల్లా కేంద్రమైన కొత్తలో జిల్లాస్థాయి పోటీలని ఒక కాగితం వచ్చింది. "వ్యర్థాలతో వేషం" అని దాని పేరు. పాత వస్తువులతో పిల్లలే ఏదో ఒక వేషం తయారుచేసి, వేసుకొని స్టేజీ మీద నడవాలి. మా హెడ్మాస్టరు ఆ కాగితం చదివి నన్ను పిలిచాడు. ఆయనకు చదువంటే ఫొటో. పాఠం ఎంత బాగా చెప్పినా ఫొటో రాకపోతే చెప్పనట్టే, ఏమీ చెప్పకపోయినా ఫొటో వస్తే చెప్పినట్టే. ప్రైజు తెమ్మని నాతో అన్నాడు. ప్రైజు రాకపోయినా ఫొటోలు మాత్రం తప్పనిసరి అన్నాడు.

ఎనిమిదో తరగతిలో ఆరుగురు పిల్లల్ని పోగుచేశాను. నెమలి చేద్దామన్నాను. ఇరవై ఏళ్ళుగా ప్రతి పోటీకీ నేను నెమలే చేశాను. పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. వాళ్ళకు నెమలి వద్దట. ఫోన్ ఆటలో ఒకడుంటాడట, తల డబ్బా, ఒళ్ళు డబ్బా, కాళ్ళూ చేతులూ డబ్బాలే. వాడు గడ్డపార పట్టుకొని గుట్టలు తవ్వి, ఆ మట్టితో ఇల్లు కట్టుకుంటాడు. వాడి వేషం కావాలన్నారు. మీ నాయినలు పొద్దంతా చేసేది ఆ పనే కదా, దానికి ఫోన్ ఎందుకురా అన్నాను. అని నేనొక్కణ్ణే నవ్వుకున్నాను.

చివరికి ఒప్పుకున్నాను, డబ్బా మనిషిని చేయడం నెమలి కన్నా సులువని. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె ఒకటి దొరికింది. దాన్ని మోకాళ్ళ దాకా కోసి, చేతులకు రెండు బొక్కలు పెట్టాం. తలకు వేరే డబ్బా. వేషం వేసుకునేది ఎవరని చూస్తే, ఆ పెట్టెలో సరిగ్గా పట్టేది ఒక్క పిల్లే. నేతపని ఇంటి పిల్ల. మాట తక్కువ, చేతులు చురుకు. ఆమె ఆ ఆట ఎప్పుడూ ఆడలేదు, వేరేవాళ్ళ భుజం మీదుగా చూసింది, అంతే. అయినా ఆ డబ్బా మనిషి ఎలా తల తిప్పుతాడో, ఎలా అడుగేస్తాడో అందరికన్నా ఆమే బాగా చేసి చూపించింది.

తిప్పలన్నీ రంగు దగ్గర వచ్చాయి. ఆటలోని ఆ మనిషి ఒళ్ళంతా గళ్ళు గళ్ళుగా ఉంటుంది. పెట్టె మీద స్కేలు పెట్టి గళ్ళు గీశాను, రంగు వేశాను. తడికి అట్ట ఉబ్బి, గళ్ళు వంకరపోయి, అప్పడంలా లేచింది. పిల్లల్లో ఒకడు, ఇది డబ్బా మనిషి కాదు సార్, తడిసిన డబ్బా అన్నాడు. కోపం వచ్చింది కానీ వాడు చెప్పింది నిజం. మీ ఇళ్ళల్లో గట్టి అట్ట ఏదున్నా పట్టుకురమ్మని అందరికీ చెప్పాను.

మర్నాడు ఆ పిల్ల బియ్యం సంచిలో ఒక కట్ట తెచ్చింది. సంచి మూతి విప్పగానే నా వేళ్ళకు తెలిసిపోయింది. జకార్డు అట్టలు.

మీలో ఎక్కువమందికి వీటి గురించి తెలియదు కాబట్టి కొంచెం చెప్పాలి. చీర అంచులో పువ్వో కంకో రావాలంటే మగ్గం మీద ఈ అట్టలు తిరగాలి. ఒక్కో అట్ట జానెడు పొడుగు, మూడు వేళ్ళ వెడల్పు. అట్ట నిండా చిన్న చిన్న రంధ్రాలు. రంధ్రం ఉన్నచోట నిలువుపోగు పైకి లేస్తుంది, లేనిచోట లేవదు. ఒక అట్టకు ఒక అడ్డపోగు నేత. అట్టలన్నీ దారంతో దండగా కుట్టి ఉంటాయి, దండ ఒక చుట్టు తిరిగితే అంచులో ఒక కంకి పూర్తవుతుంది. పాతబడిన అంచుల దండలు నేత ఇళ్ళల్లో అటక మీద పడి ఉంటాయి, పిల్లలు వాటితో ఆడుకుంటారు. కానీ ఆ నిలువుపోగుల పడుగు అయిపోయి కొత్త పడుగు అతికేటప్పుడు, నడుస్తున్న దండను కూడా దించి అదే అటక మీద పెడతారు. ఏది పాతది, ఏది నడిచేది అని తెలుసుకోవడానికి ఒకటే గుర్తు. పాతదాని దారం నల్లబడి, పట్టుకుంటే పుటుక్కుమంటుంది. నడిచేదాని దారం తెల్లగా, మెత్తగా ఉంటుంది. నేతగాడి ఇంట్లో పుట్టిన ఎవడికైనా ఈ సంగతి చెప్పక్కర్లేదు.

నేను చూశాను. దారం తెల్లగానే ఉంది.

ఆ పిల్ల కూడా చూసింది. "సార్, దారం కొత్తగున్నది. ఒకపారి బాపును అడిగొస్త" అన్నది.

"అటక మీదున్నదంతా పాతదే బిడ్డా. ఎల్లుండే పోటీ. నువ్వు పోవుడు, అడుగుడు, వచ్చుడు, ఇగ అయినట్టే" అన్నాను. బ్లేడు తీసుకొని దారం నేనే తెంపాను. అట్ట గట్టిగా ఉంది, రంధ్రాలు వరసగా ఉన్నాయి, పిల్లలు చూసి ఇవి అచ్చం స్క్రీన్ మీది చుక్కల్లెక్క ఉన్నాయి సార్ అని గంతులేశారు. నాకు అది చాలు. నా వంకర గళ్ళ పరువు దక్కుతున్నది. ఇక దారం రంగు ఎవడికి కావాలి?

ఎనభై నాలుగు అట్టలు. ఒక్కోదాన్ని నాలుగు గళ్ళుగా కోయించాను. ఆరుగురు పిల్లలు, ఆరు కత్తెరలు. మైదా ఉడికించిన జిగురు పూసి పెట్టె నిండా అంటించాం. కొన్నిటికి పచ్చ, కొన్నిటికి మట్టిరంగు. ముఖం మీద అంటించాక కళ్ళ కోసం రెండు చోట్ల బ్లేడుతో కోసి, ఆ ముక్కలు ఊడ్చి పారేశాం. నిజం చెప్పాలంటే ఆ వేషం నా ఉద్యోగంలో నేను చేసిన అన్నిటికన్నా బాగా వచ్చింది. ఆ పిల్ల దాన్ని తొడుక్కొని వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిస్తే మిగతా తరగతులు కిటికీలకు వేలాడాయి. హెడ్మాస్టరు నలభై ఫొటోలు తీసి, ఇన్నోవేషన్ అంటే ఇదీ అని గ్రూపులో పెట్టాడు. ఆ మాటకు అర్థం ఆయనకూ తెలియదు, గ్రూపులో బొటనవేళ్ళు లేపినవాళ్ళకూ తెలియదు.

పోటీ రోజు హాలు నిండిపోయింది. ప్రైవేటు బడుల పిల్లలు అద్దె బట్టల్లో మెరుస్తున్నారు. వ్యర్థాలతో చేయమన్న వేషాల్లో ఒక్క చిరిగిన కాగితం కూడా లేదు. మా పిల్ల స్టేజీ ఎక్కి, ఆగి ఆగి నడిచి, అట్ట గడ్డపారతో నాలుగు పోట్లు పొడిచేసరికి వెనక బెంచీల్లోని సర్కారు బడి పిల్లలందరూ లేచి చప్పట్లు కొట్టారు. ముందు వరసలోని పెద్దలకు ఏమీ అర్థం కాలేదు. ఒక న్యాయనిర్ణేత మైకులో, ఇలాంటి ఫోన్ ఆటలు మన సంస్కృతి కాదు, పిల్లలకు మన మూలాలు నేర్పాలి అన్నాడు. మొదటి బహుమతి ఎవరికిచ్చారో వినండి. ఒక ప్రైవేటు బడి బాబు నేతన్న వేషం వేశాడు. పట్టుపంచె, జరీ కండువా, ముందర బొమ్మ చరఖా. మగ్గానికీ చరఖాకూ తేడా తెలియని మహానుభావులు వాణ్ణి చూసి కళ్ళు తుడుచుకున్నారు. అదే హాల్లో, తలుపు దగ్గర, అసలు నేతగాడు ఒకడు నిలబడి ఉన్నాడు. ఆయన్ను ఎవరూ లోపలికి వచ్చి కూర్చోమనలేదు. ఆయన మా పిల్ల తండ్రి. బిడ్డ స్టేజీ ఎక్కుతుందని పని ఆపుకొని వచ్చాడు.

పిల్ల కిందికి దిగగానే ఆయన దగ్గరికొచ్చాడు. ముఖం మీద ఇంకా నవ్వుంది. డబ్బా వీపు మీద చెయ్యి పెట్టాడు. వేలు ఒక గడి మీద ఆగింది. తర్వాతి గడికి పోయింది. మా నాయిన కూడా అట్టల్ని అలాగే వేలితో చదివేవాడు. ఆయన నవ్వు పోవడం నేను దగ్గర నుంచి చూశాను.

"సారూ, గీ అట్టలు యాడివి?" అన్నాడు.

"మీ పాపే తెచ్చింది. ఇంట్ల అడగకుండ తెచ్చినట్టుంది" అన్నాను. అక్కడితో ఆగలేదు. "ఏమనకు అన్నా, పిల్లలు గదా" అన్నాను.

తప్పు నాది, దాన్ని ఆ పిల్ల నెత్తిన పెట్టాను, పెట్టి పైగా పెద్దమనసుతో క్షమించమన్నాను. ఇరవై ఏళ్ళు నెమళ్ళు చేసినవాడికి ఇంత కళ ఉంటుందని నాకే తెలియదు. ఆ పిల్ల ఇంకా డబ్బాలోనే ఉంది. చేతులు ముఖం దాకా ఎత్తడానికి లేదు, ముఖం కనిపించదు. నేను కోసిన రెండు బొక్కల్లోంచి నన్ను చూసింది.

ఆయన అరవలేదు. "పడుగు అతుకుతున్నరు సారూ. ఎల్లుండికి మగ్గమెక్కాలె ఇవి" అని మాత్రం అన్నాడు. జర వంగు బిడ్డా అని చెప్పి, తల డబ్బా మెల్లగా తీసి, పెట్టెలోంచి పిల్లను బయటికి దింపి, చెయ్యి పట్టుకొని తీసుకుపోయాడు. వేషం నా దగ్గరే మిగిలింది.

తర్వాత తెలిసింది. అది జొన్నకంకి అంచు. ఊళ్ళో ఆ ఒక్క ఇంట్లోనే నేస్తారు. వాళ్ళ తాత దగ్గరుండి గీయించుకున్నది. గీసినాయన పోయాడు, గీసిన గళ్ళ కాగితాన్ని చెదలు తిన్నాయి. మిగిలింది ఆ అట్టల దండ ఒక్కటే. చీరలు తీసుకునే సావుకారి, కంకి అంచు రాకపోతే నీ మగ్గానికి పని లేదని మొహం మీదే చెప్పాడట.

స్టాఫ్ రూమ్‌లో ఈ సంగతి పెడితే ఒకరు సానుభూతి చూపించారు, నా మీద. ఈ ఇళ్ళవాళ్ళు ఇంతే సార్, చిన్నదానికి పెద్ద ఏడుపు అన్నారు. హెడ్మాస్టరు ఈ విషయం ఎక్కడా కాగితం మీద పెట్టొద్దన్నాడు, ఫొటోలు మాత్రం తీసేయకండి, ఫైలుకు కావాలన్నాడు. తెలుగు చెప్పే మేడం ఒక్కతే పుస్తకం మూసి, "ఆ పిల్ల మూడు రోజులాయె, వస్తలేదు. మీకు ఎర్కనేనా?" అని అడిగింది. నాకు ఎరుకే. హాజరు పిలిచేటప్పుడు ఆ పేరు దగ్గర నేను తొందరగా దాటుతున్నాను.

నాలుగోరోజు వాళ్ళింటికి పోయాను. మగ్గం మీద కొత్త పడుగు అతికి సిద్ధంగా ఉంది. పైన అట్టలు తిరగాల్సిన చోటు ఖాళీగా ఉంది. ఆ పిల్ల మూలన రాట్నం ముందు కూర్చొని కండెలు చుడుతున్నది. నన్ను చూసి లేవలేదు. తండ్రి మాత్రం కుర్చీ వేశాడు. కూర్చుంటే మాట రాదని నిలబడే చెప్పాను.

"అన్నా, బిడ్డ తప్పు లేదు. దారం కొత్తగున్నదని ఆమె చెప్పింది, నిన్ను అడిగొస్తనన్నది. నేనే వద్దన్న. దారం నేను గూడ చూసిన. చూసి తెంపిన."

రాట్నం ఆగింది.

"నాకెర్క సారూ. మగ్గపోని కడుపున పుట్టినోనివి, దారం చూడకుంట ఉంటవా?" అన్నాడు తండ్రి.

మరి బిడ్డను బడికి ఎందుకు పంపలేదని అడిగాను. అడిగే హక్కు నాకుందో లేదో కూడా ఆలోచించలేదు.

"నేనాపలే. ఆమెనే ఆగింది. సారు నోటితోని సారే చెప్పాలె, గప్పటిదాంక రానన్నది" అన్నాడు.

ఎనిమిదో తరగతి పిల్ల నాకు పరీక్ష పెట్టి, నాలుగు రోజులు జవాబు కోసం కూర్చున్నది. నా ఉద్యోగంలో ఎన్ని ఇన్‌స్పెక్షన్లు అయ్యాయో, ఒక్కదానికీ నేను ఇంత భయపడలేదు. వేషం నా దగ్గరే ఉంది, ఆదివారం బడికి రమ్మని తండ్రికి చెప్పాను.

ఆదివారం బడి వరండాలో వేషాన్ని పరిచాం. ఆ తండ్రి, ఆరుగురు పిల్లలు, నేను. చాకుతో ఒక్కో గడిని ఊడదీశాం. రంగు పోకపోయినా ఫరవాలేదు, మాకు కావలసింది రంధ్రాలు. వాటిని వరస పెట్టి గళ్ళ కాగితం మీదికి ఎక్కిస్తే, దాన్ని చూసి కొత్త అట్టలు కొట్టించవచ్చు. చిక్కేమిటంటే, అట్ట నంబరు ఒక కొసన మాత్రమే రాసి ఉంటుంది. నాలుగు ముక్కల్లో ఒకదానికి నంబరుంది, మూడు అనాథలు. మరిచిపోయానని ఊరంతా చెప్పుకున్న విద్య ఆ రోజు వేళ్ళలోంచి తన్నుకొచ్చింది. రంధ్రాలు తడిమి, ఇది కంకి మొదలు, ఇది కొస, ఇది ఆకు మడత అని చెప్తూ పోయాను. ఆ తండ్రి నేను చెప్పిన చోటల్లా ముక్క పెడుతూ పోయాడు.

అయితే నా వేగానికి పని అయ్యేది కాదు. పనిని ముందుకు ఉరికించింది ఫోన్ ఆటల పిల్లలే. ఏ గడి పక్కన ఏ గడి కూర్చుంటుందో వాళ్ళ కళ్ళు టక్కున పట్టేశాయి. కత్తెర అంచు చూసి, ఇది వీడు కోసింది సార్, వీడి చెయ్యి ఎప్పుడూ ఎడమకు పోతది అని ముక్కల్ని కలిపారు. ఆ ఆటలు బుర్ర చెడగొడతాయని ఏడాదంతా వాళ్ళకు పాఠం చెప్పినవాణ్ణి నేను. ఆ రోజు పాఠం చెప్పలేదు. పొద్దు వాలేసరికి కాగితం మీద కంకి లేచి నిలబడింది, రెండు చోట్ల తప్ప. కళ్ళ కోసం కోసి పారేసిన ముక్కలు ఎక్కడి నుంచి తెస్తాం? అక్కడ అందాజుగా నేనే చుక్కలు పెట్టాను.

సోమవారం ఆ పిల్ల తరగతికి వచ్చింది. నన్ను చూసి నమస్తే సార్ అన్నది.

కొత్త అట్టలు కొట్టించి మగ్గం ఎక్కించాక తండ్రి నన్ను పిలిచి నేసిన మూరెడు చూపించాడు. కంకి వచ్చింది. కానీ నేను అందాజు వేసిన రెండు చోట్లా గింజ రాలేదు, ఖాళీగా ఉంది. అట్టలు మళ్ళీ కొట్టిద్దామన్నాను.

"ఉండనీ సారూ. మల్ల ఎవలన్న కోస్తే గుర్తువట్టనీకె అక్కరకొస్తది" అన్నాడు. ఆ మాట నవ్వుతూ అన్నాడో, కాదో, నేను ముఖం చూడలేదు.

నా పదవీ విరమణ రోజున శాలువాలు కుప్పపడ్డాయి. హెడ్మాస్టరు ఫైల్లోంచి ఆ డబ్బా మనిషి ఫొటో తీసి పెద్దది చేయించి, పటం కట్టించి ఇచ్చాడు. ఇన్నోవేషన్ సారు అని కింద రాయించాడు. అప్పటికి కాలేజీలో చదువుతున్న ఆ పిల్ల కూడా వచ్చింది. మా ఇంటామెకని ఒక చీర చేతిలో పెట్టి, బాపు నేసిండు సార్ అని చెప్పి పోయింది.

ఇంటికొచ్చాక మా ఇంటామె చీర మడత విప్పి, అంచు మీద వేలు పెట్టింది. "గిదేంది, కంకి నడుమ రెండు గింజలు లేవు?" అని అడిగింది. పక్కన కొడుకూ కోడలూ ఉన్నారు, నా మెడలో ఇంకా పూలదండ ఉంది.

పిట్టలు తినుంటయి అన్నాను. అందరూ నవ్వారు. నింద వేయడానికి నాకు మళ్ళీ చిన్న ప్రాణమే దొరికింది.